హారం బరువెక్కక ముందే: జీపీఏ లెక్క గురించి

మొదటి సెమిస్టరు ఫలితాలు వెలువడిన రోజున నేను ఏడు సబ్జెక్టుల గ్రేడు పాయింట్లనూ ఒక కాగితం మీద వరుసగా వేసుకొని, కూడి, ఏడుతో భాగించి, నా జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, సరిగ్గా 8.0 అని ఇంట్లో ప్రకటించాను. వారం తరవాత చేతికి వచ్చిన గ్రేడు షీటు మీద 7.65 అని ఉంది. తప్పు పరీక్షల విభాగానిదేనన్న ధీమాతో ఆ కాగితం పట్టుకొని వెళ్లాను. అక్కడి ఉద్యోగి దానిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మరి క్రెడిట్లు ఏవి?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. గ్రేడు షీటులో ప్రతి సబ్జెక్టు పక్కనా క్రెడిట్లు అనే ఒక చిన్న అంకె ఉంటుందనీ, అది అలంకారానికి పెట్టినది కాదనీ నాకు ఆ రోజే తెలిసింది.

ఆ సెమిస్టరులో గణితానికి 4 క్రెడిట్లు. అందులో నాకు వచ్చినవి 6 పాయింట్లు. మరొక నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో 7, మూడేసి క్రెడిట్లున్న రెండింటిలో 8, 7, రెండేసి క్రెడిట్లున్న రెండు ల్యాబులలో 9, 10, రెండు క్రెడిట్ల ఐచ్ఛిక సబ్జెక్టులో 9 వచ్చాయి. ప్రతి గ్రేడు పాయింటునూ దాని క్రెడిట్లతో గుణించి కూడితే 153 అవుతుంది. మొత్తం క్రెడిట్లు 20. భాగిస్తే 7.65. పాఠ్యపుస్తకాలలో భారిత సగటు అని చదువుకొన్నది ఇదే. నేను వేసిన సాదా సగటులో రెండు క్రెడిట్ల ల్యాబులోని 10కీ, నాలుగు క్రెడిట్ల గణితంలోని 6కీ సమానమైన విలువ ఇచ్చాను. అసలు లెక్కలో ఆ గణితం బరువు ల్యాబుకు రెండింతలు. నాకు మంచి గ్రేడులు వచ్చినవన్నీ తేలికపాటి సబ్జెక్టులు కావడమూ, బరువైన వాటిలో నేను వెనకబడి ఉండడమూ ఆ 0.35 తేడాలో దాగి ఉన్నాయి. ఒక విద్యార్థి వేసుకొన్న సాదా సగటు అతని జీపీఏ కంటే ఎక్కువగా ఉందంటే, అతడు తన కష్టాన్ని ఎక్కడ పెడుతున్నాడో ఆ ఒక్క తేడాయే చెప్పేస్తుంది.

క్రెడిట్ అంటే కాలానికి కొలత అన్న సంగతి కూడా నాకు తరవాతే తెలిసింది. యూరపు దేశాలలోని ఈసీటీఎస్ అనే ఉమ్మడి క్రెడిట్ల పద్ధతిలో ఒక విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు తరగతులూ, సొంత చదువూ, పరీక్షలూ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. అమెరికాలో వాడుకలో ఉన్న ప్రమాణం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సెమిస్టరు పొడవునా వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత పని. అలా చూస్తే నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు వారానికి పన్నెండు గంటలు అడుగుతుంది. నేను గణితానికి ఆ సెమిస్టరులో వారానికి అయిదు గంటలు కూడా ఇచ్చి ఉండను. ల్యాబు రికార్డులకు రంగు రంగుల పెన్సిళ్లతో బొమ్మలు వేయడానికి మాత్రం రాత్రులు గడిపాను.

అంకెలు పుట్టే చోటు మరొకటి ఉంది: మార్కులు గ్రేడుగా మారే మెట్టు. మా కాలేజీలో 90, ఆ పైన వస్తే 10 పాయింట్లు, 80 నుంచి 89 వరకు 9, 70 నుంచి 79 వరకు 8, 60 నుంచి 69 వరకు 7, 50 నుంచి 59 వరకు 6. గణితంలో నాకు వచ్చినవి 59 మార్కులు. పునర్‌లెక్కింపుకు దరఖాస్తు చేసుకోవడానికి గడువు ఉన్నది, నోటీసు బోర్డులో కాగితమూ ఉన్నది. ఒక్క మార్కు కోసం అంత హైరానా దేనికి అని నేను దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోయాను. మార్కులు నున్నటి వాలు వంటివి, గ్రేడులు మెట్ల వంటివి అన్న తేడా అప్పటికి నాకు పట్టలేదు. 61 నుంచి 68కి ఎదిగినవాడికి గ్రేడులో ఏమీ దక్కదు. 59 నుంచి 60కి చేరినవాడికి ఒక పూర్తి పాయింటు, నాలుగు క్రెడిట్ల సబ్జెక్టు అయితే నాలుగు పాయింట్ల బరువు, దక్కుతుంది. ఇది న్యాయమా అని అడిగితే కాదనే అంటాను. కాని పద్ధతి అదే అయినప్పుడు ఇంటర్నల్ మార్కులు తేలిన వెంటనే, ఏ సబ్జెక్టులో ఏ మెట్టుకు ఎంత దూరంలో ఉన్నామో రాసుకోవడం తెలివైన పని. ఇంటర్నల్స్‌లో 30కి 22 వచ్చి, తరవాతి మెట్టు 80 అయితే, చివరి పరీక్షలో 70కి 58 కావాలి. ఆ 58 అన్న అంకె కళ్ల ముందు ఉన్నప్పుడు చదివే తీరు, "బాగా రాయాలి" అనుకొని చదివే తీరు ఒకటి కావు.

మెట్లు అన్నిచోట్లా ఇలా ముందే కట్టి ఉండవు. కొన్ని సంస్థలలో సాపేక్ష గ్రేడింగు ఉంటుంది. తరగతి మొత్తం మార్కుల సగటు, వాటి విస్తరణ చూసి గ్రేడు హద్దులు గీస్తారు. అక్కడ 62 మార్కులకు ఉత్తమ గ్రేడు రావచ్చు, 85కి రాకపోవచ్చు. అటువంటి చోట చదివే వారు మార్కుల లక్ష్యం పెట్టుకొంటే ప్రయోజనం తక్కువ; ప్రతి మధ్యంతర పరీక్ష తరవాతా తరగతి సగటు ఎంతో తెలుసుకొని, దానికి తాము ఎంత పైన లేదా కింద ఉన్నామో గమనించుకోవాలి. తన కాలేజీలో ఈ రెండింటిలో ఏది నడుస్తుందో మూడో సంవత్సరం దాకా తెలియని మిత్రుడు నాకు ఒకడు ఉండేవాడు. అతనిని ఆట పట్టించే అర్హత, క్రెడిట్లు మరిచిన నాకు లేదనుకోండి.

ఈ గ్రేడుల వ్యవహారం ఈనాటిది కాదు. 1785లో యేల్ కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్స్ తాను పరీక్షించిన 58 మంది విద్యార్థులను నాలుగు తరగతులుగా విడదీసి, ఉత్తములు 20 మంది, ద్వితీయ ఉత్తములు 16 మంది, సాధారణులు 12 మంది, అధములు 10 మంది అని తన డైరీలో రాసుకొన్నాడు. నేటి స్కేళ్లు అంత కటువుగా మాట్లాడవు కాని, చేసే పని అదే. అమెరికాలో ఎక్కువగా 4.0 స్కేలు కనిపిస్తుంది: ఏ గ్రేడుకు 4, బీకి 3, సీకి 2, డీకి 1, ఎఫ్‌కు సున్న. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 5.0 స్కేలు వాడుతుంది. భారతదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) సూచించిన పది పాయింట్ల స్కేలులో ఓ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకి 8, బీ ప్లస్‌కు 7, బీకి 6, సీకి 5, పాస్ అన్న పీకి 4, ఎఫ్‌కు సున్న. జర్మనీలో లెక్క తిరగేసి ఉంటుంది, అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. కాబట్టి ఎవరైనా తమ జీపీఏ 4 అని చెబితే, మెచ్చుకోవాలో ఓదార్చాలో తేల్చుకోవడానికి ముందు స్కేలు అడగడం మర్యాద.

రెండో సెమిస్టరులో నేను మూడు క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి తప్పాను. ఎఫ్ గ్రేడు అంటే లవంలో సున్న; హారంలో మాత్రం ఆ మూడు క్రెడిట్లు అలాగే నిలిచి ఉంటాయి. ఎంత నష్టమో ఒక ఉదాహరణలో చూడండి. మిగిలిన 17 క్రెడిట్లలోనూ ఒక విద్యార్థి 8 చొప్పున తెచ్చుకొన్నాడనుకొందాం. అతని జీపీఏ 8 కాదు, 7.5 కూడా కాదు. 136ను 20తో భాగిస్తే వచ్చే 6.8. నాకు ఆ సెమిస్టరులో 6.0 వచ్చింది. మూడో సెమిస్టరులో 6.85. అప్పటికి మొత్తం 60 క్రెడిట్ల మీద 410 పాయింట్లు, సీజీపీఏ 6.83. సెమిస్టరుకు వచ్చేది ఎస్‌జీపీఏ, చదువు మొదలైన నాటి నుంచి పోగైన దాని సగటు సీజీపీఏ అని అందరికీ తెలుసు. అయితే సెమిస్టరు జీపీఏలన్నిటినీ కూడి సెమిస్టర్ల సంఖ్యతో భాగిస్తే సీజీపీఏ వస్తుందన్నది ప్రతి సెమిస్టరుకూ క్రెడిట్లు సమానంగా ఉన్నప్పుడే నిజం. ఒక సెమిస్టరుకు 24, మరొక దానికి 16 ఉంటే ఆ దగ్గరిదారి తప్పుడు దారి.

మూడో సెమిస్టరు ముగిసిన సెలవులలో నేను ఒక నోటుబుక్కు తీసి మొదటిసారిగా ఎదురులెక్క వేశాను. ఇన్నాళ్లూ "వచ్చే సెమిస్టరులో తొమ్మిది తెచ్చుకొంటే అంతా సర్దుకొంటుంది" అన్న మాటతో నన్ను నేను జోకొట్టుకొంటూ వచ్చాను. ఆ తొమ్మిది ఎంత సర్దగలదో లెక్కించి చూసుకొన్నప్పుడు నిద్ర వదిలింది. సెమిస్టరుకు 20 క్రెడిట్ల చొప్పున ఎనిమిది సెమిస్టర్ల చదువు అనుకొందాం. మొదటి సెమిస్టరులో 6 వచ్చిన విద్యార్థి రెండో దానిలో 9 తెచ్చుకొంటే అతని సగటు 7.5కు లేస్తుంది. అదే విద్యార్థి ఏడు సెమిస్టర్లు 6 దగ్గరే ఉండి, ఎనిమిదవ దానిలో అంతే కష్టపడి అదే 9 తెచ్చుకొంటే అతని సీజీపీఏ 6.38 దగ్గర ఆగిపోతుంది. చేసిన శ్రమ ఒకటే. మొదటి సందర్భంలో ఒకటిన్నర పాయింటు పెరిగింది, రెండో దానిలో పాయింటులో సగం కూడా పెరగలేదు. కారణం విద్యార్థిలో లేదు, హారంలో ఉంది. ప్రతి సెమిస్టరూ హారం మరో ఇరవై బరువెక్కుతుంది. బరువెక్కిన హారాన్ని కదిలించడానికి కావలసిన బలం పెరుగుతూ పోతుంది, ఒక స్థాయి దాటిన తరవాత ఆ బలం స్కేలులోనే ఉండదు. ఆరు సెమిస్టర్లు ముగిసేసరికి 7.0 ఉన్నవారు చివరికి 8.0 కావాలనుకొంటే, మిగిలిన 40 క్రెడిట్లలో సగటున 11 తెచ్చుకోవాలి. పది దాటి పాయింట్లు లేవు. అన్నిటిలో 10 వచ్చినా 7.75 దగ్గర తలుపు మూసుకొంటుంది.

ఈ ఎదురులెక్క వేయడం చాలా సులభం. కోరుకొన్న సీజీపీఏను మొత్తం కోర్సు క్రెడిట్లతో గుణించి, అందులోంచి ఇప్పటికి చేతిలో ఉన్న పాయింట్లు తీసివేసి, మిగిలిన క్రెడిట్లతో భాగిస్తే, ఇకపై ప్రతి సెమిస్టరులో సగటున ఎంత రావాలో తెలుస్తుంది. ఆ వచ్చిన అంకె ఇప్పటి మీ సామర్థ్యం కంటే ఒక పాయింటు లోపు పైన ఉంటే అది లక్ష్యం; రెండు పాయింట్లు పైన ఉంటే అది కోరిక; స్కేలు దాటితే దానిని వదిలేసి కొత్త లక్ష్యం పెట్టుకోవడమే మేలు. మొదట్లో నేను పెట్టుకొన్నది 8.5. నాలుగో సెమిస్టరు చివర లెక్కిస్తే దానికి మిగిలిన నాలుగు సెమిస్టర్లలోనూ సగటున 9.78 కావలసి వచ్చింది. ఆ రాత్రే 8.5ను కొట్టివేసి 8.0 అని రాసుకొన్నాను. ఓడిపోయానన్న భావన కలగలేదు. ఎక్కడికి వెళ్లాలో తెలియని బండి దిగినట్లు అనిపించింది.

ఎక్కడ పని చేస్తే పాయింట్లు ఎక్కువగా కదులుతాయన్నది రెండో ప్రశ్న. ఇక్కడ నా నోటుబుక్కు నన్ను ఆశ్చర్యపరిచింది. 60 క్రెడిట్ల దగ్గర ఉన్న నేను, మూడు క్రెడిట్ల సబ్జెక్టులో 8ని 9 చేసుకొంటే సీజీపీఏ 0.05 పెరుగుతుంది. అదే మూడు క్రెడిట్ల బ్యాక్‌లాగును సప్లిమెంటరీలో 6తో గట్టెక్కిస్తే 18 పాయింట్లు చేరి 0.30 పెరుగుతుంది. ఆరు రెట్లు. తప్పిన సబ్జెక్టును చూడడానికి ఇష్టపడని మనస్తత్వం మనలో చాలామందికి ఉంటుంది. పుస్తకం అట్టే గుచ్చుకొంటుంది. నేనూ దానిని రెండు సెమిస్టర్ల పాటు వాయిదా వేశాను, నాలుగో సెమిస్టరులో రాసి 6తో బయటపడ్డాను. అందులో ఒక షరతు ఉంది: మా కాలేజీలో కొత్త గ్రేడు పాతదాని స్థానంలో నిలుస్తుంది. అన్నిచోట్లా అలా ఉండదు. కొన్ని విశ్వవిద్యాలయాలు రెండు ప్రయత్నాలనూ సగటులోకి తీసుకొంటాయి, కొన్ని మళ్లీ రాసిన వారికి ఇచ్చే గ్రేడుకు పరిమితి పెడతాయి, కొన్ని ట్రాన్స్‌క్రిప్టు అనే మొత్తం గ్రేడుల పత్రంలో పాత గ్రేడును కూడా చూపిస్తాయి. పాస్, ఫెయిల్ అని మాత్రమే చూపే కోర్సులు సాధారణంగా లెక్కలోకి రావు. గడువులోగా విరమించుకొన్న కోర్సు కూడా చాలాచోట్ల సగటును తాకదు. ఈ నియమాలన్నీ అకడమిక్ రెగ్యులేషన్స్ అనే పుస్తకంలో ఉంటాయి. ప్రవేశ సమయంలో ఇచ్చే ఆ పుస్తకాన్ని చదివిన విద్యార్థిని నేను ఇంతవరకూ చూడలేదు. ఒక సాయంత్రం పెట్టి చదివితే, సీనియర్లు చెప్పే సగం కబుర్లు తప్పని తేలిపోతుంది.

మొదటి సెమిస్టరు తడబాటును గుర్తించి దారి చూపిన సంస్థలూ ఉన్నాయి. పైన చెప్పిన మసాచుసెట్స్ సంస్థలోనే కొత్తగా చేరినవారికి మొదటి సెమిస్టరులో అక్షరాల గ్రేడులు ఉండవు. ఉత్తీర్ణులైతే ఆ మాట నమోదవుతుంది, కాకపోతే బయటి ట్రాన్స్‌క్రిప్టులో ఏమీ కనిపించదు. హారం మీద జాలి చూపించడం అంటే అది. మిగిలినచోట్ల ఆ జాలి ఎవరి మీద వారే చూపించుకోవాలి.

ఇక చదువు సంగతి. లెక్క ఎంత బాగా తెలిసినా పరీక్ష హాలులో పాయింట్లు తెచ్చేది జవాబులే. నేను రోజుకు నాలుగు గంటలు చదివేవాడిని, అయినా 6, 7 దగ్గరే తిరుగుతూ ఉండేవాడిని. కారణం నాలుగో సెమిస్టరు మధ్యలో, ఒక అధ్యాపకురాలు నా జవాబు పత్రాన్ని నా ముందు తెరిచి చూపినప్పుడు తెలిసింది. అయిదు పెద్ద ప్రశ్నలలో మొదటి దానికి ఎనిమిది పేజీలు రాశాను; చివరి దానికి నాలుగు వాక్యాలు, వాటిలో రెండు ప్రశ్నను తిరిగి చెప్పేవే. "మొదటి దానికి పదహారు పేజీలు రాసినా పద్నాలుగు మార్కులే బాబూ," అన్నారావిడ. తెలియక పోగొట్టుకొన్న మార్కుల కంటే, తెలిసి కూడా సమయం చాలక వదిలేసిన మార్కులే ఎక్కువని ఆ పత్రంలో కనిపించింది. జవాబు పత్రం చూసే అవకాశం ఉన్న ప్రతిచోటా దానిని చూడాలని నేను అంటాను. దిద్దినవారితో తగవు పెట్టుకోవడానికి కాదు. మార్కులు జారిపోయిన చోటు ఏదో మన కంటితో చూసుకోవడానికి. తెలియక పోయినవి కొన్ని, అడిగినది ఒకటైతే రాసింది మరొకటై పోయినవి కొన్ని, సమయం లేక పోయినవి కొన్ని. మూడింటికీ మందు ఒకటి కాదు. మూడో రకం జబ్బుకు మొదటి రకం మందు వాడుతూ నేను రెండేళ్లు గడిపాను.

రెండో లోపం చదివే పద్ధతిలో ఉంది. నేను నోట్సును మళ్లీ మళ్లీ చదివేవాడిని, గీతలు గీసేవాడిని, పసుపు రంగు పూసేవాడిని. నాలుగోసారి చదివేటప్పుడు ప్రతి వాక్యమూ పరిచయమైన ముఖంలా పలకరిస్తుంది. ఆ పరిచయాన్నే జ్ఞానం అనుకొంటాము. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాలలో, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరవాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరవాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివిన తరవాత పుస్తకం మూసి గుర్తు చేసుకొని రాసినవారే బాగా ముందున్నారు. 2013లో జాన్ డన్‌లోస్కీ బృందం పది అధ్యయన పద్ధతులను పోల్చి చూసినప్పుడు కూడా, తనకు తాను పరీక్ష పెట్టుకోవడానికీ, చదువును రోజుల మీద విడదీసి చదవడానికీ అత్యధిక విలువ దక్కింది. గీతలు గీయడమూ, తిరిగి చదవడమూ అట్టడుగు వర్గంలో చేరాయి. నా పసుపు రంగు పెన్ను ఆ విధంగా శాస్త్రీయంగా పదవీ విరమణ చేసింది.

అయిదో సెమిస్టరు నుంచి నేను చేసిన పని చాలా మొరటుది. తరగతి జరిగిన రోజు సాయంత్రం తెల్లకాగితం తీసుకొని, నోట్సు తెరవకుండా ఆనాటి పాఠంలో గుర్తున్నదంతా రాయడం, తరవాత నోట్సు తెరిచి తప్పినవాటిని వేరే రంగుతో చేర్చడం. మూడు రోజుల తరవాత మళ్లీ ఒకసారి, పది రోజుల తరవాత ఇంకొకసారి. మొదటి వారం కాగితాలు చూస్తే సిగ్గు వేసేది. గంట పాఠంలో ఏడెనిమిది వాక్యాలు కూడా గుర్తుండేవి కావు. అదే ఆ పద్ధతి విలువ అనుకొంటాను. సిగ్గు పరీక్ష హాలులో పడడం కంటే ముందే, గదిలో ఒంటరిగా పడడం మంచిది. చివరి మూడు వారాలు పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకొని రాశాను. మూడు గంటల పరీక్షలో అయిదు ప్రశ్నలకు ఒక్కోదానికి ముప్ఫై మూడు నిమిషాలు, చివర పావుగంట సరిచూసుకోవడానికి. ముప్ఫై మూడో నిమిషంలో వాక్యం మధ్యలో ఉన్నా సరే కొంత చోటు వదిలి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోవడం అలవాటు చేసుకోవడానికి ఎనిమిది, తొమ్మిది పత్రాలు పట్టాయి. నా విషయంలో ఈ ఒక్క అలవాటే అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చింది.

తరగతికి హాజరు కావడం గురించి చెబితే పెద్దల మాటలా ఉంటుంది కనుక తక్కువ చెబుతాను. 2010లో మార్కస్ క్రెడే, ఆయన సహచరులు అంతకుముందు వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించి, కళాశాల గ్రేడులతో తరగతి హాజరుకు ఉన్న సంబంధం, ప్రవేశ పరీక్ష మార్కులకూ, చదువు అలవాట్లకూ ఉన్న సంబంధం కంటే బలమైనదని చూపించారు. కనీస హాజరు శాతం ఎంతో లెక్క వేసుకొని సరిగ్గా దాని మీద నిలబడే విద్య నాకు బాగా వచ్చేది. ఆ లెక్కకు పెట్టిన బుద్ధిని క్రెడిట్ల మీద పెట్టి ఉంటే ఈ కథ వేరే ఉండేది.

సులువైన ఐచ్ఛికాలు ఎంచుకొని సగటు పెంచుకోవచ్చన్న సలహా ప్రతి హాస్టల్లోనూ వినిపిస్తుంది. లెక్క ప్రకారం అది పని చేస్తుంది. రెండు క్రెడిట్ల చోట 7కు బదులు 9 వస్తే నాలుగు పాయింట్లు కలిసినట్లే. నేనూ ఒకసారి అలా తీసుకొన్నాను. పేరు కూడా గుర్తులేని ఆ సబ్జెక్టులో 9 వచ్చింది. ఉన్నత విద్యకు దరఖాస్తు చేసుకొనేవారి విషయంలో మాత్రం ట్రాన్స్‌క్రిప్టు చదివేవారు సగటుతో పాటు సబ్జెక్టుల పేర్లు కూడా చదువుతారు. తమ రంగానికి పునాది అయిన కోర్సులో బీ ఉండి, పక్క కోర్సులలో ఏ లు ఉన్నవారి కంటే, దానికి తారుమారుగా ఉన్నవారి పత్రం బలంగా ఉంటుందని నా అభిప్రాయం. కొత్త సెమిస్టరులో బరువైన సబ్జెక్టులు ఒకేచోట పడకుండా, అవకాశం ఉన్నంతవరకూ వాటిని విడదీసి తీసుకోవడం ఇంతకంటే నిజాయితీ గల ఉపాయం.

జీపీఏను వేరే కొలతలోకి మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు కూడా తక్కువేమీ కావు. 8.0 అంటే 80 శాతం అని దరఖాస్తులలో రాసేవారు ఎందరో. భారతదేశంలోని సాంకేతిక విద్యా మండలి సూత్రం ప్రకారం సీజీపీఏ నుంచి 0.75 తీసివేసి పదితో గుణించాలి, అప్పుడు 8.0 అంటే 72.5 శాతమే. కొన్ని విశ్వవిద్యాలయాలు 0.75కు బదులు 0.5 తీసివేస్తాయి, కొన్ని నేరుగా పదితో గుణించమంటాయి. కాబట్టి పట్టా ఇచ్చిన సంస్థ తన పత్రంలో ముద్రించిన సూత్రమే ప్రమాణం. జర్మనీకి వెళ్లేవారు వాడే సవరించిన బవేరియా సూత్రం మరొక విశేషం చూపిస్తుంది. గరిష్ఠ గ్రేడు నుంచి మన గ్రేడు తీసివేసి, దానిని గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ మధ్య ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. కనీస ఉత్తీర్ణత 4 అయిన చోట 8.0 వచ్చినవారికి జర్మను గ్రేడు 2.0, కనీస ఉత్తీర్ణత 5 అయిన చోట అదే 8.0కు 2.2. ఒకే అంకె, రెండు విలువలు. ఇక 7.496ను 7.5గా తీసుకొంటారనే ఆశ మీద దరఖాస్తు పెట్టడానికి ముందు, దశాంశాలను ఎక్కడ సవరిస్తారో రాతపూర్వకంగా చూసుకోవాలి.

నా లెక్క చివరికి ఇలా నడిచింది. బ్యాక్‌లాగు తీరిన నాలుగో సెమిస్టరు చివర 80 క్రెడిట్ల మీద 578 పాయింట్లు, అంటే 7.23. అయిదో సెమిస్టరులో 8.4, ఆరో దానిలో 8.6 వచ్చాయి. ఆరో సెమిస్టరు షీటులో సీజీపీఏ గడి దగ్గర 7.65 అని చూసినప్పుడు నవ్వు వచ్చింది. రెండున్నరేళ్ల కిందట తప్పని వాదించడానికి పరీక్షల విభాగానికి వెళ్లిన అంకె అదే. మొదటి సెమిస్టరులో ఉన్న చోటికి తిరిగి రావడానికి నాకు మరో అయిదు సెమిస్టర్లు పట్టింది. ఏడో దానిలో 8.9 వచ్చి 7.83కు చేరాను. ఎనిమిదికి చేరాలంటే చివరి సెమిస్టరులో 9.2 కావాలి, అంటే 20 క్రెడిట్లకు 184 పాయింట్లు. నాకు వచ్చినవి 180.

మొత్తం 160 క్రెడిట్లకు 1276 పాయింట్లు, సీజీపీఏ 7.98. ఎనిమిదికి 1280 కావాలి. ఆ రాత్రి పాత గ్రేడు షీట్లన్నీ ముందు వేసుకొని ఆ నాలుగు పాయింట్లు ఎక్కడ పోయాయా అని వెతుక్కొంటూ వెనక్కి వెళ్లాను. మొదటి సెమిస్టరు, మొదటి వరుస: గణితం, 4 క్రెడిట్లు, 59 మార్కులు, 6 పాయింట్లు.